సిస్టరు మాట వినాలి

దసరా వచ్చిందంటే, ఆయుధపూజనాడు మా అమ్మ నా స్టెతస్కోపుకు కూడా బొట్టు పెట్టేది. ఇప్పుడు మస్కట్‌లో ఆ పని మా ఆవిడ చేస్తోంది. అయితే ఆ పరికరం మెడలో ఉన్నంత మాత్రాన మంచి డాక్టరు కాలేమని నాకు తెలియజెప్పింది ఒక కేరళ సిస్టరు.

నేను ఒమాన్‌కు వచ్చిన కొత్త. ఒక పెద్దాయన న్యుమోనియాతో చేరాడు. ఆయన కొడుకు అరబ్బీలో ఏదో చెబుతున్నాడు. నాకా, సలాం, షుక్రన్ దాటి రాదు. తల ఊపేసి ఆంపిసిలిన్ ఇంజక్షన్ రాశాను. "డాక్టర్, ఈయనకు పెన్సిలిన్ పడదంటున్నారు" అంది సిస్టరు. "రాసింది ఇవ్వండి" అన్నాను దర్జాగా. ఆవిడ ఇవ్వలేదు. ఫార్మసిస్టుకు ఫోను చేసి, పాత ఫైలు తెప్పించింది. కొడుకు చెప్పిందే అందులో రాసి ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు నాదే. కాని ఆ దర్జా ఎక్కడ అబ్బింది? ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరేళ్ళు, ఆపైన హౌస్ సర్జన్సీ ఏడాది చేశాం. పురుడు పోయడం మాకు నేర్పింది నిజానికి లేబర్ రూము సిస్టర్లే. అయినా రౌండ్లలో మేము ముందు, వాళ్ళు వెనక. వాళ్ళ మాట వినడం వచ్చా అని ఏ పరీక్షలోనూ అడగలేదు.

ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం 19 అంశాల జాబితా తయారుచేసింది. కత్తి పెట్టేముందు అందరూ తమ పేరు, పని చెప్పుకోవాలన్నది అందులో ఒకటి. ఢిల్లీ, అమ్మాన్‌లతో సహా 8 నగరాల ఆసుపత్రులలో దానిని అమలుచేసి చూసి, 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. పేర్లు చెప్పుకున్నందువల్లే తగ్గాయని నేననను. కాని పరిచయమున్న చోట "ఆగండి డాక్టర్" అనే ధైర్యం వస్తుంది.

మన దేశంలో 2019 నుంచి ఎం.బి.బి.ఎస్. పాఠాలలో నడవడి, వృత్తి ధర్మం, మాటతీరు కూడా చేర్చారు. సంతోషమే. కాని గట్టుమీద కూర్చుంటే ఈత రాదు. హౌస్ సర్జన్లు మొదటి పదిహేను రోజులు సిస్టర్ల వెంట డ్యూటీ చేయాలి. మందు ఎలా ఇస్తారో, డ్యూటీ మారేటప్పుడు రోగిని ఎలా అప్పగిస్తారో చూడాలి. ఏడాది చివర ఇచ్చే సర్టిఫికెట్టుకు హెడ్ సిస్టరు అభిప్రాయం కూడా తీసుకోవాలి. "చివరి నిర్ణయం డాక్టరుదే కదా?" అంటారేమో. అవును, అందుకే అది అందరి మాటా విన్నాక తీసుకోవాలి.

ఇక్కడి వార్డులలో ఒమానీలు, మలయాళీలు, ఫిలిప్పీన్స్ వారు, ఈజిప్టు వారు, మనమూ కలిసి పనిచేస్తున్నాం. డాక్టరు చదువుతున్న పిల్లలున్న తల్లిదండ్రులకు నాదొక మనవి. ఫోనులో "ఎన్ని కేసులు చూశావు?" అని మాత్రమే కాక, "ఇవాళ సిస్టర్ల దగ్గర ఏం నేర్చుకున్నావు?" అని కూడా అడగండి.

స్టెతస్కోపుకు బొట్టు తప్పక పెడదాం. పక్కన నిలబడ్డ మనిషిని మాత్రం మరవద్దు. అందరికీ విజయదశమి శుభాకాంక్షలు.