కోటీశ్వరుని కవచము

సూపర్‌హీరో చిత్రములు బాలవినోదములని పెద్దలు తేలికగా నెంచుచున్నారు. ఈ యుపేక్ష తగదు. తెలుగు మాటలతో మన పట్టణములలోను ప్రదర్శింపబడు నీ చిత్రములు, ఆపత్కాలమున ప్రజలను రక్షింపవలసినవారెవరు, ఆ యధికారము వారికెవరిచ్చిరి అను ప్రశ్నలకు నిశ్శబ్దముగా సమాధానములు నేర్పుచున్నవి.

మొదట నిట్లు లేదు. 1938లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను యువకులు సూపర్‌మ్యాన్‌ను లోకమునకు పరిచయము చేసిననాడు అమెరికా ఆర్థికమాంద్యమున క్రుంగియుండెను. ఆ తొలి కథలలో నాతడు కార్మికుల ప్రాణములను లెక్కసేయని గనియజమానిని ఆ గనిలోనే చిక్కుపడజేసి బుద్ధి చెప్పెను. అట్టి పాత్రపై హక్కులను దాని సృష్టికర్తలు 130 డాలర్లకే అమ్ముకొనిరి. 2009లో డిస్నీ కంపెనీ మార్వెల్‌ను కొన్న వెల సుమారు 400 కోట్ల డాలర్లు. వర్తకము మాఱినది, వీరుడును మాఱినాడు.

2008 నాటి ‘ఐరన్ మ్యాన్’ నాయకుడు ఆయుధవ్యాపారి. పశ్చాత్తప్తుడై యా వ్యాపారము మానెను, మంచిదే. కాని యంతకన్న ఘోరమైన యాయుధమును తన దేహముననే ధరించెను. 2010 నాటి రెండవ చిత్రమున, దాని నప్పగింపుమని సెనేట్ సభ్యులడుగగా, అది తన సొత్తనియు, లోకశాంతిని తాను ప్రైవేటుపఱచితిననియు బదులు చెప్పును. సభ చప్పట్లు కొట్టును!

2012 నాటి ‘ది డార్క్ నైట్ రైజెస్’లో బేన్ అను క్రూరుడు స్టాక్ ఎక్స్ఛేంజిపై దాడి సలిపి, నగరమును ప్రజలకిచ్చితినని చాటును. దానిని కాపాడువారు కోటీశ్వరుడగు బ్యాట్‌మ్యాన్, పోలీసులు. ముందటి సంవత్సరమే న్యూయార్కులో వాల్‌స్ట్రీట్ ఆక్రమణోద్యమము సాగినది. దానికి బదులుగనే యీ చిత్రము తీసిరని మేమనము. కాని న్యాయమైన మొఱను హంతకుని నోట పలికించినచో, హంతకునితోపాటు మొఱయు నోడిపోవును. 2018 నాటి ‘బ్లాక్ పాంథర్’ కొంత మేలు. అందలి రాజు తిరుగుబాటుదారుని జయించియు, వాని మాటలోని సత్యమును గ్రహించి, తన రాజ్యద్వారములను లోకమునకు తెఱచును. అయినను ఇచ్చువాడు రాజే, పుచ్చుకొనువారే ప్రజలు.

ఈ చిత్రములను చూడవలదని మేము చెప్పుట లేదు. చూచివచ్చిన బిడ్డను ఒక్క ప్రశ్న యడుగుడు: ఆ నగరమున పన్ను చెల్లించువారు, ఓటు వేయువారు అప్పుడేమి చేయుచుండిరి? పరుగిడుచుండిరని బిడ్డ చెప్పినచో, గోవర్ధనోద్ధరణ పటమును చూపుడు. కొండ నెత్తినవాడు కృష్ణుడే. కాని గోపకులును తమ కఱ్ఱల నానించియే నిలిచియుందురు.