ఇంటిలెక్క: చౌక టిక్కెట్టు

గతమాసమున మేము పండుగ సరకులను గూర్చి వ్రాసిన లెక్క మీ చేతికి చేరియుండును. దానిని చదివిన యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె కుమార్తె అమెరికాలోని డాలసునగరమున నున్నది. ఆ పిల్లకు నెలలు నిండునప్పటికి తల్లి యచ్చట నుండవలెను. "సెల్‌ఫోనునందు టిక్కెట్లమ్ము నంగళ్లు పెక్కులు గలవు. ఒక్కొకచోట నొక్కొక ధర. అన్నిటికంటె చౌకయైన దేదో యొక్కమాటలో చెప్పుడు" అని యామె కోరినది. ఒక్కమాటలో చెప్పుటకు వీలైనచో మేమును సంతోషింతుము. కాని మేము మొన్నటి వేసవిలో నీ విషయముననే దెబ్బతినినవారము. కావున మొదట మా కథ చెప్పి, తరువాత నామె ప్రశ్నకు వత్తుము.

మా యాడుబిడ్డ ఢిల్లీలో కాపురమున్నది. ఆమెకది రెండవ కానుపు. పెద్దపిల్లవానికి మూడేండ్లు. కానుపునకు పదిదినములు ముందుగనే తల్లి దగ్గఱ నుండవలెనని యామె కోరిక. మా యత్తగారికి అరువదియెనిమిదేండ్లు. మోకాళ్లనొప్పులచే రైలునందు దినమునకు మించి కూర్చుండలేరు. అందుచే విమానముననే పంపుటకు నిశ్చయించితిమి. మా యింటికి వచ్చునది యొక బడిపంతులుగారి జీతము మాత్రమే. అట్టి యింట విమానమనగా మాటలు గావు. కాగా మేము రెండు రాత్రులు, పిల్లలు నిద్రించిన పిమ్మట, కాగితమును కలమును పట్టుకొని సెల్‌ఫోను ముందు కూర్చుంటిమి.

మేము మొదట గ్రహించిన దేమనగా, ఈ యంగళ్లన్నియు నొకజాతివి కావు. గూగుల్ ఫ్లైట్స్, స్కైస్కానర్ వంటివి ధరలను జూపి, కొనదలచినవారిని వేఱొక తావునకు పంపును. మేక్‌మైట్రిప్, క్లియర్‌ట్రిప్, ఈజ్‌మైట్రిప్, యాత్ర వంటివి తామే టిక్కెట్టు నమ్ము దుకాణములు. మూడవది విమానసంస్థవారి సొంత వాకిలి. మొదటిచోట వెదకి, రెండవచోట విచారించి, మూడవచోట సరిచూచుకొనవలెను. పేర్లు వేఱైనంతమాత్రమున దుకాణములు వేఱని తలపరాదు. గోఐబిబో 2017లో మేక్‌మైట్రిప్‌తో గలసినది. ఆ రెంటిని పోల్చుట యొకే కొట్టునకు గల రెండు తలుపులయొద్ద ధర యడుగుటయే యగును.

ఒకే విమానమున, ఒకే వరుసలోని రెండు సీట్లకు రెండు ధరలేల యని మీరడుగవచ్చును. మన దేశమున 1953 మొదలు విమానవ్యాపారము ప్రభుత్వసంస్థల చేతిలో నుండెను. ఆ చట్టము 1994లో రద్దయినది. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చిన పిమ్మట చౌకధరల పోటీ మొదలయినది. నేడు సంస్థలు విమానమునందలి సీట్లను కొన్ని మెట్లుగా విభజించి, మెట్టునకొక ధర పెట్టుచున్నవి. అడుగుమెట్టున సీట్లు కొద్దిగా నుండును. అవి ముగియగనే పైమెట్టు ధర గనబడును. "మనము మాటిమాటికి చూచుట కనిపెట్టి ధర పెంచిరి" అని యనేకులందురు. తఱచుగా నట్లు గాదు. అడుగుమెట్టు సీట్లు ముగియుటయో, దుకాణమువారు దాచియుంచిన పాతధరను ముందు జూపి పిదప కొత్తధర తెచ్చుటయో కారణమగుచుండును.

దీనినుండి గృహిణులకొక యుపాయము దొరకును. నలుగురికి గలిపి వెదకితిమనుకొనుడు. అడుగుమెట్టున రెండే సీట్లు మిగిలినచో, నలుగురికిని పైమెట్టు ధరయే చూపుట కలదు. కావున ముందొకరికి వెదకుడు. తరువాత నలుగురికి వెదకుడు. తలసరి ధరలో భేదమున్నచో ఇద్దరిద్దరిగా కొనుడు. దినము మార్చుకొను వెసులుబాటున్నచో గూగుల్ ఫ్లైట్స్‌లో క్యాలెండరు తెఱచిన, ఏ దినమున నెంత ధరయో యొక్కచూపులో దెలియును.

ఇక మా లెక్కకు వత్తము. గన్నవరమునుండి ఢిల్లీకి నేరుగా పోవు విమానమునకు ఒక దుకాణమున తొలిపుటలో 5,310 రూపాయలు గనబడెను. సంస్థవారి వాకిట 5,690. తుదిపుట చేరుసరికి దుకాణమువారు కన్వీనియన్స్ ఫీజని 399 చేర్చిరి. మేమడుగకయే బీమాకు టిక్కుపెట్టి 249 కలిపిరి. ఆ టిక్కు తీసివేసితిమి. మా బ్యాంకు కార్డునకు 330 తగ్గింపు దొరకినది. వెరసి 5,379. సంస్థవారియొద్ద అన్నియు గలిపి 5,690 రూపాయలే నిలిచెను. అనగా 311 రూపాయల లాభము.

శంషాబాదునుండి పోయిన టిక్కెట్టు 1,200 తక్కువని మా వారు చూపిరి. దానిని గూడ కాగితముపై నెక్కించితిమి. తెనాలి ప్రాంతమునందలి మా యూరినుండి గన్నవరము గంటన్నర ప్రయాణము. కారునకు 1,000 రూపాయలు. హైదరాబాదున కైనచో అత్తగారికి బస్సు 600, తోడుపోయి తిరిగివచ్చువారికి 1,200, అచ్చటినుండి విమానాశ్రయమునకు కారు 900. మొత్తము 2,700. టిక్కెట్టున 1,200 మిగిల్చి, దారిలో 1,700 అధికముగా పోసినట్లగును. కావున గన్నవరమే మేలని తేల్చి, దుకాణమున టిక్కెట్టు కొని, మా నేర్పునకు మేమే మురిసితిమి.

ప్రయాణమునకు వారము దినములున్నదనగా ఢిల్లీనుండి ఫోను వచ్చినది. మా యాడుబిడ్డకు రక్తపు పోటు పెరిగినదనియు, వైద్యులు కానుపు నాలస్యము చేయదలపలేదనియు, తల్లిని వెంటనే పంపుడనియు నామె భర్త చెప్పెను. అత్తగారు ఆ రాత్రియే మూట గట్టుకొనిరి. పసిబిడ్డకు మెత్తని పాత చీరలు, బాలింతకు కాయమునకు కావలసిన సొంఠి, పిప్పళ్లు, వాము, బెల్లము.

మేము టిక్కెట్టు దినము మార్పింప బూనితిమి. సంస్థవారికి ఫోను చేయగా, "మీరు దుకాణమున కొన్నారు గదా, వారే మార్పవలెను" అనిరి. దుకాణమువారు, "సంస్థవారి యనుమతికి పంపితిమి, వేచియుండుడు" అనిరి. ఆ దినమంతయు నిట్లే గడచెను. ఇంతలో మఱునాటి విమానమున సీట్లు ముగిసెను. దాని మఱునాటివియు ముగిసెను. తుదకు మూడవ దినమున సీటు దొరకినది. మార్పు రుసుమును, ధర భేదమును సంస్థవారివి. అవి యెచ్చట కొన్నను తప్పనివే. కాని దుకాణమువారు తమ సేవకని వేఱుగా 500 పుచ్చుకొనిరి. మా 311 రూపాయల లాభము 189 రూపాయల నష్టమయ్యెను.

ధనమునకు మేము వగవలేదు. అత్తగారు ఢిల్లీ చేరులోపలనే కానుపైనది. తల్లీబిడ్డలు క్షేమముగనే యుండిరి. కాని యా నొప్పులవేళ కూతురి చేయి పట్టుకొనుటకు తల్లి లేకపోయెను. అంతకుముందు దినములలో, కట్టిన మూటప్రక్కను కూర్చుండి, అత్తగారు మమ్ముజూచి, "అమ్మాయీ, మూడువందలు మిగిలినవంటివి. మూడు దినములు పోయినవి గదా!" అనిరి. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే మఱవలేకున్నాము.

ఆ రాత్రి మాకు నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. ఋతుపర్ణమహారాజు ఒక్కదినమున విదర్భ చేరవలెనని రథమెక్కి పోవుచు, దారిలోని తాండ్రచెట్టును జూచి దాని యాకులెన్నో కాయలెన్నో చెప్పెను. సారథియైన నలుడు రథము నాపి, దిగి, లెక్కించి చూచినగాని నమ్మలేదు. రాజు చెట్టుననున్న వానినే గాక నేల రాలిన వానిని గూడ లెక్కించెను. మేము చెట్టుమీది యాకులను చక్కగనే యెంచితిమి. నేల రాలినవానిని మఱచితిమి. టిక్కెట్టు మార్పవలసివచ్చినచో నేమగును, ఎవరు మార్తురు, ఎంత పుచ్చుకొందురు అను సంగతులు ధర ప్రక్కను గనబడవు. చిన్న యక్షరములలో వేఱొక పుట నుండును. కొనకమున్నే దానిని తెఱచి చదువవలెను.

కావున సోదరీమణులారా, ప్రయాణదినము నిశ్చితమై, మార్పు కలుగదని తోచినచో, ఏ దుకాణమున తుదిపుటలో తక్కువయో యచ్చటనే కొనుడు. పెండ్లికో యాత్రకో పోవువారి కది చాలును. కానుపు, శస్త్రచికిత్స, ముసలివారి యనారోగ్యము మొదలగు వానికి పోవు ప్రయాణమైనచో, మూడు నాలుగు వందలు హెచ్చైనను సంస్థవారియొద్దనే కొనుట మేలని మేము తెలిసికొంటిమి. పోల్చునపుడు సామానును గూడ చూడుడు. దేశములోపలి ప్రయాణములకు 15 కిలోల పెట్టెయు, చేత 7 కిలోలును సాధారణము. కాని కొన్ని యతిచౌక టిక్కెట్లకు పెట్టె యుండదు. తరువాత పెట్టెకు వేఱుగా చెల్లించి, ఆవకాయ జాడీని విమానమెక్కించుట ఖరీదైన పని. టిక్కెట్టుమీద మీ సొంత ఫోను నంబరు నిచ్చుట మఱవకుడు. విమానపు వేళ మాఱినచో ఆ కబురు దానికే వచ్చును.

రద్దుచేసికొన్నవా రొక హక్కు నెఱిగియుండవలెను. డీజీసీఏవారు 2016లో చేసిన నియమము ప్రకారము, టిక్కెట్టు రద్దయినను, విమానమెక్కకపోయినను, పన్నులును విమానాశ్రయపు రుసుములును తిరిగి యీయవలెను. మూలధర వాపసు లేదని వ్రాసిన చౌక టిక్కెట్లకు గూడ నిది చెల్లును. దుకాణముద్వారా కొన్నను వాపసు బాధ్యత సంస్థదే. మా యాడుబిడ్డ యత్తగారొకసారి ప్రయాణము మానుకొని, "పోయిన డబ్బు పోయినది" అని యూరకుండిరి. మేము చెప్పిన పిమ్మట నడిగి, కొంత రాబట్టుకొనిరి. అయితే వాపసుకొఱకు ఫోను నంబరును గూగులులో వెదకకుడు. అచ్చట మోసగాండ్రు తమ నంబరులు పెట్టియుందురు. టిక్కెట్టుపై నున్న నంబరునకే ఫోను చేయుడు. పొరబాటున మోసపోయినచో వెంటనే 1930కి చెప్పుడు.

ఇక డాలసు సోదరికి మా జవాబు. అమ్మా, మీకు కనబడు నన్నిటికంటె చౌక టిక్కెట్టు రెండు వేఱువేఱు టిక్కెట్ల కూర్పు కావచ్చును. అట్టిదైనచో, నడుమ దేశమున మీ పెట్టెలను మీరే తీసికొని, మరల నప్పగింపవలసి వచ్చును. మొదటి విమానము జాగైన, రెండవ సంస్థవారికి పూచీ లేదు. ఆ దేశపు వీసా గూడ నడుగవచ్చును. ఒంటరిగా, మొదటిసారి, ఇంగ్లీషు తడుముకొనుచు పోవు తల్లికి అది తగదు. హైదరాబాదునుండి డాలసు వఱకు ఒకే టిక్కెట్టుపై, పెట్టెలు తుదివఱకు తామే చేర్చునట్లును, నడుమ వేచియుండుటకు మూడు నాలుగు గంటల వ్యవధి యుండునట్లును చూచికొనుడు. కొనునపుడే చక్రాల కుర్చీ కోరుడు. దినము మార్చుటకు రుసుమెంతయో యడిగి వ్రాసియుంచుకొనుడు. కానుపుదినము మన లెక్కకు లోబడదు గదా.

మా యత్తగారు కార్తికమున మరల ఢిల్లీ పోవలెననుచున్నారు. మా కాగితముపై నింతకుముందు రెండు వరుసలుండెడివి: తొలి యంకె, తుది యంకె. ఇప్పుడు "మార్పవలసివచ్చినచో" అని మూడవ వరుసయు గీసియుంచితిమి. అత్తగారు కళ్లద్దములు పెట్టుకొని దానినే ముందు చదివిరి.