బిరుదా, బాధ్యతా?

సాఫ్ట్‌వేరు వ్రాయుట ఇంజనీరింగు అగునా యను వివాదము పాతదే. 2023లో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రము, లైసెన్సు లేనివారును 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరు' అని చెప్పుకొనవచ్చునని చట్టమును సవరించినది. బిరుదు సులభమైనది, మరి బాధ్యత మాట యేమి?

ఆ దేశముననే తయారైన థెరాక్-25 అను క్యాన్సరు చికిత్సా యంత్రమును తలచుకొనవలెను. పూర్వపు యంత్రములలో కిరణములు మితిమీరకుండ అడ్డుకొనుటకు విడిగా రక్షణ పరికరములుండెడివి. ఇందులో వానిని తొలగించి, ఆ పనిని సాఫ్ట్‌వేరునకే అప్పగించిరి. 1985-87 మధ్య ఆరుగురు రోగులకు మోతాదు మించి కిరణములు తగిలినవి. కొందరు ప్రాణములు గోల్పోయిరి.

ఇనుము కాయవలసిన ప్రాణమును వ్రాత కాయుచున్నప్పుడు, ఇనుమునకు పెట్టు పరీక్షలన్నియు వ్రాతకును పెట్టవలెను. వంతెన పటముపై సంతకము చేసిన ఇంజనీరు, అది కూలినచో జవాబు చెప్పవలసియుండును. ప్రాణములతో ముడిపడిన సాఫ్ట్‌వేరునకును అట్టి సంతకము ఉండవలెను. బిరుదును గూర్చిన వాదము ఆ తరువాతిది.