మాతంగి కథ ఎవరి పెట్టెలో ఉంది?
(మాదిగపల్లె చదువు – 11)

మిషనరీలు మన గురించి రాసింది మనం చదవాలా, వద్దా? ఈ ప్రశ్న మన మధ్య చాలాకాలంగా నలుగుతోంది. ‘మతం మార్చడానికి తెల్లోళ్ళు రాసుకున్నదంతా కల్పితం’ అంటారు కొందరు. ‘మన తాతలకు పలకా బలపం ఇచ్చినోళ్ళు, వాళ్ళను తప్పు పట్టకూడదు’ అంటారు ఇంకొందరు. నాకు ఈ రెండూ సరిపడవు. ఆ కాగితాలు మన ఆస్తి. ఆస్తికి ఎవరూ దండం పెట్టరు, నిప్పూ పెట్టరు. లెక్క చూసుకుంటారు.

ముందు ఒక దూరపు సంగతి చెబుతాను. డి.సి. హోల్టమ్ అని ఒక అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1910లో జపాన్ వెళ్ళాడు. జీవితమంతా షింటో మీద పనిచేశాడు. షింటో గుళ్ళకు మొక్కడం మతం కాదు, దేశభక్తి ఆచారం మాత్రమే అని అప్పటి జపాన్ ప్రభుత్వం వాదించేది. కాదు, అది మతమే, రాజ్యం దాన్ని వాడుకుంటోంది అని హోల్టమ్ పుస్తకాలు చూపించాయి. యుద్ధం ముగిశాక 1945 డిసెంబర్ 15న ప్రభుత్వానికీ షింటోకూ ముడి తెంచే ఆదేశం వచ్చింది. దాని వెనకున్న ఆలోచనలో ఆయన పరిశోధనకు పాలుంది. జపనీయులు ఆయన పుస్తకాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నారు, ఆయనతో వాదించారు. పరాయివాడు రాశాడని పక్కన పడేయలేదు.

ఇప్పుడు మన సంగతికి రండి. సరిగ్గా అదే బాప్టిస్టు సంస్థ తెలుగు నేల మీదా పనిచేసింది. ఒంగోలు క్లౌ దొర పేరు మీకు తెలుసు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగిన చరిత్ర ఆయనది. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గురించి చెప్పేవాళ్ళు తక్కువ. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి స్విట్జర్లాండ్‌లో డాక్టరేట్ తీసుకున్న మనిషి ఆమె. మాదిగ ప్రబోధకుల దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది విని, 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ రాసింది. ‘చెప్పులు కుడుతూ కుడుతూ’ పేరుతో అది తెలుగులోకీ వచ్చింది. ఎర్రగుంట్ల పేరయ్య క్రైస్తవంలోకి రాకముందే యోగసాధన చేసినవాడని మనకు ఆ పుస్తకమే చెబుతుంది. మాదిగవాడలో ఆధ్యాత్మిక వెతుకులాట మిషన్ బంగళాతో మొదలు కాలేదని ఒక మిషనరీ భార్యే రాసిపెట్టిందన్నమాట.

మాతంగి కూడా అందులో ఉంది. పరశురాముడు తరుముకొస్తే రేణుక మాదిగవాడలో దూరడం, అక్కడి ఆడమనిషిని కావలించుకోవడం, రెండు తలలూ ఒకే వేటుకు తెగడం, బతికించేటప్పుడు తలలు తారుమారు కావడం. ఈ కథ మన అవ్వలు చెప్పిందే. మాతంగి జాతరలో కల్లు పుక్కిలించి పై కులాల వాళ్ళ మీద ఉమ్మేది, నోటికొచ్చినట్టు తిట్టేది. ఆ ఉమ్ము పడితే మేలని వాళ్ళు నిలబడేవాళ్ళు. ఎమ్మా ఇదంతా రాసింది. 1909లో థర్‌స్టన్ కులాల సంపుటాలు అచ్చైనప్పుడు ఆమె రాతనే ఎత్తిరాసుకున్నాడు.

నా పిహెచ్.డి. వైవాలో ఒక పెద్ద ప్రొఫెసర్ అడిగాడు: “ఈ కథకు లిఖిత ఆధారం ఏముంది?” 1899 నాటి పుస్తకం చూపించాను. “అది మిషనరీ రాత, చెల్లదు” అన్నాడు. నోటితో చెబితే ఆధారం లేదు. ఆధారం చూపిస్తే పరాయిది. మరి సి.పి. బ్రౌన్ ఎవరు? కంపెనీ కొలువులో ఉన్న తెల్లదొరే కదా. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాలు చెల్లుతాయి. పండితుల చేత తాటాకులు రాయించినవాడు తెలుగు భాషోద్ధారకుడు, మాదిగల మాట విన్న ఆడమనిషి మత ప్రచారకురాలు. చెల్లుబాటును తేల్చేది చర్మం రంగు కాదు, ఎవరి అరుగు మీద కూర్చుని విన్నారన్నది.

అలాగని మిషనరీలను మోయమని నేను చెప్పడం లేదు. హోల్టమ్ జపాన్ మీద రాసిన పుస్తకం పేరు ‘జపాన్ జాతీయ విశ్వాసం’. అదే సంస్థకు చెందిన ఎల్మోర్ మన పోలేరమ్మ, అంకమ్మల మీద 1915లో రాసిన పుస్తకంలో వాళ్ళు ‘స్థానిక, గ్రామ దేవతలు’. ఇక మిషన్ రిపోర్టుల్లో మనది ‘దయ్యాల కొలుపు’. చక్రవర్తి దేవుడికి ఒక మాట, మాదిగ దేవతకు ఒక మాట. ఆ రిపోర్టులు చందాలిచ్చే అమెరికా చర్చీల కోసం రాసినవి. మన చీకటి ఎంత చిక్కగా ఉంటే వాళ్ళ దీపం అంత వెలుగుతుంది. చదివేటప్పుడు ఈ లెక్క మరిచిపోకూడదు.

మన పలమనేరు, మదనపల్లె వైపు వచ్చింది వేరే మిషన్. స్కడర్ అన్నదమ్ములు 1853లో పెట్టిన అర్కాట్ మిషన్. మదనపల్లెలో జాకబ్ చాంబర్లేన్ ఏళ్ళ తరబడి ఉన్నాడు. ఆ సంఘం కాగితాలు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూబ్రన్స్‌విక్‌లో భద్రంగా ఉన్నాయి. మన ముత్తాతల ఊళ్ళు, కరువులు, బడులు ఆ పెట్టెల్లో ఉన్నాయి. మనలో ఎంతమంది తెరిచి చూశారు?

ఇది పాతకాలపు గొడవ అనుకోకండి. మన జిల్లాలో మాతమ్మలు ఇంకా ఉన్నారు. చిన్నప్పుడు జబ్బు చేస్తే తల్లిదండ్రులు మొక్కుకుని మాతమ్మ గుడిలో తాళి కట్టించిన ఆడబిడ్డలు. పెళ్ళి లేదు, బిడ్డలకు తండ్రి పేరు లేదు. అంకితం ఇవ్వడాన్ని నేరం చేస్తూ 1988లోనే చట్టం వచ్చింది. మాతంగి ఉమ్మడంలో ఎంత శక్తి ఉందో చెప్పే జానపద వ్యాసాలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. జాతర మర్నాడు ఆమె ఏం తింటుందో ఆ వ్యాసాల్లో ఉండదు. మిషనరీ జాలిపడ్డాడు, పండితుడు మురిసిపోయాడు. ఆమెను అడిగినవాళ్ళు లేరు.

అందుకే నా మాట ఇది. అర్కాట్ మిషన్ కాగితాల నకళ్ళు మన విశ్వవిద్యాలయాలు తెప్పించాలి. మన ఊరి చర్చిల్లో చెదలు పడుతున్న బాప్తిస్మం రిజిస్టర్లను పాస్టర్లు ఫోటోలు తీయించి దాచాలి. తెలుగు ఎం.ఏ. సిలబస్‌లో బ్రౌన్ పక్కన ఎమ్మా ఉండాలి, ఎమ్మా పక్కన ఆమెకు చెప్పినవాళ్ళ పేర్లు ఉండాలి. అన్నిటికన్నా ముందు, బతికున్న మాతమ్మలు ఒప్పుకుంటే వాళ్ళ మాట వాళ్ళ పేరుతోనే రికార్డు చేయాలి. ‘సమాచారం ఇచ్చినవారు’ అని వెనక పేజీలో కాదు, అట్ట మీద. వాళ్ళకు రావలసిన పింఛను, ఇంటి పట్టా, బిడ్డల చదువు కోసం ఆ రికార్డును ఎమ్మార్వో ఆఫీసు బల్ల మీద పెట్టాలి.

హోల్టమ్ కాగితం ఒక రాజ్యాన్ని కదిలించింది. మన కాగితం కనీసం ఒక మండలాన్ని కదిలించాలి.

జై భీమ్.