గోడ మీద పాస్‌వర్డ్

గుంటూరులో మాది చిన్న ఆడిట్ ఆఫీసు. మూడు గదులు, ఐదుగురం. పోయిన నెల దాకా వైఫై పాస్‌వర్డ్ ముందు గది గోడకు అంటించి ఉండేది. అదీ నా ఫోన్ నంబరే. రౌటర్ బిగించిన కుర్రాడు అలా పెట్టి వెళ్లాడు, ఐదేళ్లు ఎవరమూ ముట్టుకోలేదు. క్లయింట్ల పాన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న కంప్యూటర్లన్నీ దానికే కలిపి ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

ఆ దడ ఊరికే కాదు. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు చేరిన ఈమెయిల్, నవీ ముంబైలో ఓ అమెరికన్ ఇంటి వైఫై మీదుగా వెళ్లింది. దానికి తాళం లేదు. పోలీసులు వెళ్లింది ఆయన గుమ్మానికే.

మేం పాస్‌వర్డ్‌తో పాటు రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే ‘అడ్మిన్’ అన్న మాటా మార్చాం. వచ్చేపోయేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఇచ్చాం. పాస్‌వర్డ్ కొట్టకుండానే పిన్‌తో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేశాం. దాని ఎనిమిది అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, అందుకే 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

ఇదంతా అరగంట పని. కనెక్షన్ ఇచ్చే సంస్థలు ఆ అరగంట మన పక్కన కూర్చుని, మన చేతే కొత్త పాస్‌వర్డ్ పెట్టించి వెళ్లాలి. డబ్బు కట్టేవాళ్లుగా మనం అడిగి తీరాలి. ఈ ఆదివారం మా అమ్మ ఇంటి రౌటర్ సరిచేయబోతున్నాను.