విత్తనం ఇచ్చి మురుగు కాల్వను మరిచారు

కృష్ణా డెల్టా శివారు భూముల్లో చౌడు మాట వచ్చినప్పుడల్లా ‘ఉప్పును తట్టుకునే విత్తనం వేయండి’ అనే సలహా వినిపిస్తుంది. సలహాలో తప్పు లేదు గాని, అంతటితో సరిపెట్టుకోవడమే తప్పు. పైరు మాడినా కౌలు బస్తాలు కొలవక తప్పని కౌలుదారుకు ఈ తేడా బాగా తెలుసు.

మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానం చౌడును తట్టుకునే ఎంసీఎం వరి రకాలను రైతులకు ఇచ్చింది. కేరళ తీరపు పొక్కాలి, బెంగాల్ తీరపు నోనా బోక్రా తరతరాలుగా ఉప్పు నేలల్లో పండుతున్న పాత రకాలు. వాటికి ఆ శక్తి జన్యువుల నుంచి, అంటే తల్లి విత్తనం నుంచి పిల్ల విత్తనానికి గుణాలను మోసుకొచ్చే అంశాల నుంచి వస్తుంది. నోనా బోక్రాలోని అలాంటి ఒక జన్యువు, ఆకులకు ఎక్కిపోయే సోడియంను దారిలోనే పట్టి ఆపుతుందని 2005లో శాస్త్రవేత్తలు వెల్లడించారు.

వేరులో పనిచేసే జన్యువులు వేరే ఉన్నాయి. వీటిని మొదట ఆవ జాతికి చెందిన ఆరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో కనుగొన్నారు. వరిలోనూ ఉన్నాయి. ఉప్పు తగలగానే వేరు కణాల్లో కాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది. గట్టు తెగిందని ఊళ్లో కేక వేసినట్టే ఇది. ఆ కేకకు ఒక జన్యువు తయారుచేసిన మాంసకృత్తి మేలుకుని రెండోదాన్ని లేపుతుంది, అది మూడోదాన్ని పనిలో పెడుతుంది. మూడోది సోడియంను బయటికి తోస్తుంది. వేరు చుట్టూ కాల్షియం చాలినంత ఉంటే అసలు లోపలికి జొరబడే సోడియమే తగ్గుతుంది.

కారుచౌడులో ఆ కాల్షియమే కరువు. మట్టిని సోడియం పట్టుకుని ఉంటుంది, నీరు ఇంకదు. అక్కడ ఎంత మంచి విత్తనం వేసినా సగం బలంతోనే పోరాడాలి. జిప్సంలోని కాల్షియం ఆ సోడియంను తప్పించి దాని చోట చేరుతుంది. సున్నపురాయి పొడి చల్లితే ఈ పని జరగదు, ఆ నేలలో అది కరగదు. తప్పించిన సోడియం మంచినీటితో కడిగితే మురుగు కాల్వలోకి పోవాలి. కాల్వ పూడి ఉంటే ఎక్కడికి పోతుంది?

పాలచౌడుకు జిప్సం దండగ. నీరు కట్టి కడగడమే దానికి మందు. ఏది ఏ చౌడో మట్టి పరీక్ష చెప్పాలి. నారు పోశాక చేతికొచ్చే పరీక్ష కాగితం ఎవరికి కావాలి?

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ పొలాల మీదికి సముద్రం వచ్చింది. ఉప్పెన లేని ఏళ్లలో కూడా వేసవిలో పోటునీరు మురుగు కాల్వల్లో ఎగబాకుతుంది. తట్టుకునే రకమైనా నాటిన కొత్తలో, పూత వేళ ఉప్పుకు లొంగుతుంది. ముదురు నారు వేయడం, కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టడం, ముందుగా జీలుగ చల్లి కలియదున్నడం రైతు చేసుకోగలడు. కాల్వ పూడిక తీయడం, పోటునీటికి తలుపులు బిగించడం, దమ్ముకు ముందే జిప్సం ఊరికి చేర్చడం ఒక్క రైతు వల్ల అయ్యేవి కావు.

ఎన్ని బస్తాల విత్తనం పంచారో చెప్పే అధికారులు, ఎన్ని మైళ్ల మురుగు కాల్వ బాగుచేశారో కూడా అదే కాగితం మీద చూపాలి. అదీ తొలకరికి ముందే.