ఆరోగ్య శీర్షిక: బొట్టు రక్తంతో చెప్పే యంత్రాన్ని నమ్మవచ్చునా?



వైద్య శిబిరాలలో చేతిలో పట్టుకొనే చిన్న యంత్రాలు వాడుచున్నారు. రెండు మూడు బొట్ల రక్తం వేస్తే చక్కెర, యూరియా, క్రియాటినిన్, సోడియం, పొటాషియం ఎంతున్నవో చెప్పును. 1990ల ఆరంభంలో అమెరికాలో వచ్చిన ఐ-స్టాట్ ఈ కోవకు చెందినదే. దానికి రెండు నిమిషాలు చాలు. పరీక్షకొకసారి, రిపోర్టుకొకసారి పట్నం పోయి రెండు రోజుల కూలి పోగొట్టుకొనే ఇంటికి ఇది చిన్న మేలు కాదు. కాని ఆ అంకెలు నిజమేనా?

తేల్చుకొనే పద్ధతి ఇది: ఒకే మనిషి రక్తాన్ని ఒకే సమయంలో తీసి కొంత యంత్రానికి, కొంత ల్యాబుకు ఇస్తారు. ఇట్లు అనేకమంది పెద్దలకు చేస్తారు. ఆరోగ్యవంతులకే చేస్తే చాలదు. జబ్బు ముదిరినవారి దగ్గరే యంత్రం తప్పవచ్చును.

ఇక లెక్క. ఒక తక్కెడ ప్రతిసారీ పావుకిలో ఎక్కువ చూపునని అనుకొనండి. సరుకు పెరిగితే దాని అంకె పెరుగును, తగ్గితే తగ్గును. మంచి తక్కెడతో చక్కగా కలిసి నడుచును, అయినా అది తప్పుడు తక్కెడే! అందుచేత ఒక్కొక్కరి ఫలితంలో తేడా ఎంతో చూడవలెనని బ్లాండ్, ఆల్ట్‌మన్ అను ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు 1986లో లాన్సెట్ పత్రికలో వివరించారు. నేటికీ ఆ పద్ధతే వాడుచున్నారు.

ఎంత తేడా ఓర్చుకోవచ్చునన్నది పరీక్షను బట్టి ఉండును. చక్కెర 200 బదులు 210 అని చూపితే వైద్యం మారదు. ఇంట్లో వాడే గ్లూకోమీటర్లకే 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం, చక్కెర 100 దాటినప్పుడు 15 శాతం తేడాను అనుమతించినది. పొటాషియం అట్లు కాదు. 5 బదులు 6 అని చూపితే మనిషిని హడావిడిగా ఆసుపత్రికి తరలిస్తారు. నిజంగా 6 ఉన్నవానికి 5 అని చెబితే ప్రాణానికే ముప్పు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇండ్లను కూల్చినదో మీరెరుగుదురు. అటువంటి చోట క్రియాటినిన్ 1.4 ఉన్నవానికి 1.0 అని చెబితే ఎంత కాలం వృథా అగునో ఆలోచించండి.

కొన్ని తప్పులు యంత్రానివి కావు. వేలిని గట్టిగా పిండితే ఎర్రకణాలు పగిలి పొటాషియం ఎక్కువగా కనబడును. ల్యాబులో సీరం ఎర్రబారుట కంటికి తెలియును. చిన్న యంత్రంలో తెలియదు. రక్తం తక్కువగా ఉన్న స్త్రీలకు చాలా గ్లూకోమీటర్లు చక్కెరను ఉన్నదానికన్న ఎక్కువ చూపును. ఎండ మరొకటి. ఐ-స్టాట్ 16 నుండి 30 డిగ్రీల మధ్య పనిచేయుటకు తయారైనది. మన మే నెలలో షామియానా క్రింద ఎంతుండునో చెప్పనక్కరలేదు.

పెద్దలలో సరిచూచిన యంత్రం పసికందుకూ సరిపోవునని అనుకోకూడదు. వారి రక్తం చిక్కన.

శిబిరంలో అంకె తేడాగా వస్తే కంగారుపడి మందులు మార్చవద్దు, ఆపవద్దు. ఆ చీటీ భద్రపరచి, వీలైతే ఆ రోజే చేతి నరంలోనుండి రక్తం తీయించి ల్యాబులో చూపించండి. పొటాషియం ఎక్కువని వస్తే మాత్రం మరునాటికి వాయిదా వేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.